కాలిపోయిన కంచెకి సర్కారు డబ్బులెందుకు? – ఈ నెల పాఠకుల ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీలో టెక్సాస్ కార్చిచ్చు గురించి రాస్తూ చివర్లో ఒక్క ముక్క అన్నాం, అక్కడ కాలిపోయిన కంచె తిరిగి వేసుకోడానికి కూడా గవర్నమెంటు డబ్బులిస్తుంది అని. అంతే, వాట్సాప్‌లో ఒకటే మెసేజ్‌లు, రెండు పోస్టు కార్డులు కూడా వచ్చాయి (ఈ రోజుల్లో పోస్టు కార్డు రాసేవాళ్ళకి ఒక దండం). కొందరు నమ్మలేదు, కొందరికి కోపం వచ్చింది, ఒకాయనకైతే నిజంగానే అక్కడ పొలం ఉంది. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి నెట్టేసి ఈసారి మొత్తం దీనికే ఇచ్చేశాం.

ప్రశ్న: మా పిల్లగాడు డల్లాస్‌ల ఉంటడు, వాన్ని అడిగితే నాకు తెల్వదు నాయినా అన్నడు. కంచె అంటే ఓనర్ సొంత ఆస్తి గదా సార్, అది కాలితే సర్కారు పైసలిచ్చుడేంది? నిజమేనా, లేకపోతే ఇది గూడ ఫార్వర్డ్ మెసేజేనా? – హనుమకొండ పాఠకుడు

నిజమేనండి. ఆ స్కీము పేరు ఎమర్జెన్సీ కన్జర్వేషన్ ప్రోగ్రామ్, అక్కడి రైతులు ఈసీపీ అంటారు. అమెరికా వ్యవసాయ శాఖ కింద ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ అని ఒకటుంది, ఎఫ్‌ఎస్‌ఏ, అది నడుపుతుంది. ప్రకృతి వైపరీత్యం వల్ల భూమి పాడైతే బాగుచేసుకోడానికయ్యే ఖర్చులో 75 శాతం దాకా ఇస్తారు. కొత్తగా వ్యవసాయంలోకి వచ్చినవాళ్ళకి, ఆదాయం బాగా తక్కువున్నవాళ్ళకి 90 దాకా వెళ్తుంది.

కానీ మీ ప్రశ్నలో అసలు పాయింటు వేరే, కంచె సొంత ఆస్తి కదా అన్నారు చూడండి అది. 2024 ఫిబ్రవరి 26న టెక్సాస్ ఉత్తర కొసన, పాన్‌హ్యాండిల్ అంటారు ఆ ప్రాంతాన్ని, అక్కడ స్మోక్‌హౌస్ క్రీక్ అనే చోట మంట అంటుకుని గాలికి ఒక్కసారిగా పాకిపోయి ఆరేసరికి 10 లక్షల ఎకరాలు దాటిపోయింది. టెక్సాస్ చరిత్రలో అదే పెద్దది. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు ఇప్పటి ఖమ్మం జిల్లా మొత్తం తగలబడినట్టు. 7,000కి పైగా పశువులు పోయాయి. టెక్సాస్ పశువుల్లో ఎక్కువ భాగం ఆ పాన్‌హ్యాండిల్‌లోనే ఉంటాయి మరి.

ఇప్పుడు అక్కడి ర్యాంచర్, అంటే పెద్ద పచ్చిక భూముల్లో పశువుల్ని పెంచేవాడు, ఆయన పరిస్థితి చూడండి. మన దగ్గర గొర్రెల కాపరి మంద వెనకే తిరుగుతాడు, కర్ర ఉంటుంది, కుక్క ఉంటుంది, సాయంత్రానికి దొడ్డికి తోలుకొస్తాడు. అక్కడ అది కుదరదు, వేల ఎకరాల గడ్డి, మనుషులు ఇద్దరో ముగ్గురో, పశువుల్ని కాసేది ఆ కంచే. ఈ నెల ఈ ముక్కలో మేయాలి, వచ్చే నెల ఆ ముక్కలో అని గడ్డి భూమిని పంచిపెట్టేది కూడా లోపల వేసిన అడ్డ కంచెలే. కంచె కాలిపోయిందంటే బతికిన పశువులు కాలిన నేల మీద అప్పుడే మొలిచే లేత గడ్డిని వేళ్ళతో సహా పీక్కుతినేస్తాయి, గడ్డి పోయాక మిగిలేది వట్టి మట్టి, పాన్‌హ్యాండిల్ గాలి ఎలాంటిదో అక్కడున్నవాళ్ళనడగండి, ఆ మట్టిని ఎత్తుకుపోతుంది. అంటే వాళ్ళు డబ్బిస్తున్నది ముళ్ళ తీగకి కాదు, ఆ తీగ ఆపుతున్న మట్టికి. స్కీము పేరులో కన్జర్వేషన్ అని ఉన్నది అందుకే, పరిహారం అనే మాట ఎక్కడా ఉండదు. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే కింద రాసేదంతా తేలిగ్గా అర్థమైపోతుంది.

అడిగినవాళ్ళందరికీ ఇచ్చేయరు కూడా. వచ్చిన నష్టం అలాగే వదిలేస్తే భూమి పాడవుతుందా, దిగుబడి శక్తి నిజంగా దెబ్బతింటుందా, ఇలాంటిది అక్కడ తరచూ జరిగేదా లేక అరుదుగా వచ్చిందా, రైతు తన సొంత డబ్బుతో బాగుచేసుకోలేనంత ఖర్చా, ఈ నాలుగూ చూస్తారు. ఏటా మునిగే లంక భూమికి ఏటా ఇస్తూ పోరన్నమాట. ఇంటి చుట్టూ వేసుకున్న అందమైన కంచెకి పైసా రాదు, పశువులకి, పంటకి సంబంధించినదైతేనే. ముందు మామూలు కంచె ఉండి ఇప్పుడు ఖరీదైనది వేసుకుంటే ఆ పైన అయ్యేది మీ జేబులోంచే.

ప్రశ్న: మేం ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి డల్లాస్‌కి ఉత్తరంగా 22 ఎకరాలు కొన్నాం, ప్రాపర్టీ టాక్స్ తగ్గుతుందని పక్క ర్యాంచర్‌కి ఆవులు మేపుకోడానికి లీజుకిచ్చాం. పోయిన స్ప్రింగ్‌లో గాలివానకి చెట్లు కూలి ఫెన్స్ మీద పడ్డాయి, చిన్న చెరువు కట్ట కూడా తెగింది. చెట్లు తీయించడానికి ఆల్రెడీ 6,000 డాలర్లు పెట్టేశాం. ఇప్పుడు ఈసీపీకి అప్లై చేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుందా? – పేరు వద్దన్న పాఠకుడు

ముందు చేదు మాట చెప్పేస్తా. ఆ 6,000 మీద ఆశ వదిలేసుకోండి. ఈ స్కీములో అన్నిటికన్నా పెద్ద రూలు ఇదే, ముందు అప్లికేషన్, తర్వాత వాళ్ళొచ్చి చూడడం, తర్వాత ఓకే, ఆ తర్వాతే పని. మనవాళ్ళకి ఇది ఎక్కదు. మనకి చేతిలో పనుంటే ఆగలేం, ముందు చేసేద్దాం బిల్లు దాచిపెడదాం తర్వాత చూసుకుందాం అనుకుంటాం, అక్కడ ఆ బిల్లు చిత్తు కాగితం. ఒక్కోసారి పెద్ద విపత్తులప్పుడు అప్లికేషన్ పడేశాక కొన్ని పనులు వెంటనే మొదలెట్టుకోడానికి వెసులుబాటిస్తారు, కానీ అదీ అప్లికేషన్ ఇచ్చాకే, ఆఫీసువాళ్ళు అవునన్నాకే. నోటి మాట నమ్మొద్దు, కాగితం మీద తీసుకోండి.

మిగిలిన పనికి అవకాశం ఉందో లేదో మీ భూమి ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఉంటే ఆ కౌంటీ ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసుకి వెళ్ళి అడగండి, ఫోన్‌లో కాదు మనిషే వెళ్ళండి. మొదట అడగాల్సింది ఆ గాలివానకి ఆ కౌంటీలో ఈసీపీ తెరిచారా, తెరిస్తే సైనప్ గడువు ఇంకా ఉందా అని. ఇది ఎప్పుడూ తెరిచి ఉండే దుకాణం కాదు, విపత్తు వచ్చాక ఆ కౌంటీకి, ఆ విపత్తుకి తెరుస్తారు, తేదీ దాటితే మూసేస్తారు. ప్రెసిడెంట్ గారు విపత్తు అని ప్రకటించనక్కర్లేదు, కౌంటీ కమిటీయే తెరవొచ్చు, కరువుకి మాత్రం పైనుంచి అనుమతి రావాలి. ఈ కౌంటీ కమిటీ అంటే ఆఫీసర్లు అనుకునేరు, కాదు, ఆ చుట్టుపక్కల రైతులే ఓట్లేసి ఎన్నుకున్న రైతులు. మీ భూమిని లీజుకి తీసుకున్న ఆ పక్క ర్యాంచరే అందులో మెంబరై ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు, ఆయనతో కాస్త మంచిగా ఉండండి.

రెండోది, చాలామంది మనవాళ్ళు ఇక్కడే పొరబడుతున్నారు. ప్రాపర్టీ టాక్స్ కోసం మీకున్న వ్యవసాయ వాల్యుయేషన్ వేరు, ఎఫ్‌ఎస్‌ఏ వేరు. అది టెక్సాస్ రాష్ట్రం లెక్క, పన్ను కోసం భూమి విలువ కట్టే కౌంటీ అప్రైజల్ వాళ్ళు చూసేది, ఇది ఫెడరల్ లెక్క. అందులో మీరు రైతని రాసున్నా ఎఫ్‌ఎస్‌ఏ కంప్యూటర్లో మీరెవరో తెలీదు. ముందు అక్కడ మీ భూమిని రిజిస్టర్ చేయించుకుని ఫార్మ్ నంబర్ తెచ్చుకోవాలి, డీడ్ చూపించాలి, లీజు కాగితం చూపించాలి. ఇద్దరు కలిసి ఎల్‌ఎల్‌సీ (ఒక రకం కంపెనీ) పేరు మీద కొన్నారా, మీ వీసా స్టేటస్ ఏంటి, ఇవన్నీ అక్కడే అడుగుతారు, ఉన్నదున్నట్టు చెప్పండి.

మూడోది లీజు. డబ్బు భూమి ఓనర్‌కి వస్తుందా లీజుదారుకి వస్తుందా అంటే, బాగుచేసే ఖర్చు ఎవరు పెట్టుకుంటే వాళ్ళకి. మీ లీజులో ఫెన్స్ రిపేరు ఆయనదే అని రాసుకుని ఉంటే అప్లై చేయాల్సింది ఆయన. చెరువు కట్ట మీదైతే మీరు. ఈ ఒక్క రూలు చూసినప్పుడు మాత్రం నాకు మన కౌలు రైతులు గుర్తొచ్చి మనసు అదోలా అయిపోతుంది, దాని సంగతి కింద ఖమ్మం ఉత్తరంలో చెప్తా.

డబ్బు లెక్క కూడా రాసేస్తా, ఫెన్స్‌కి ఒప్పుకున్న ఖర్చు 40,000 డాలర్లు అనుకోండి, వచ్చేది 30,000 దాకా, 10,000 మీది. అది కూడా పని అయ్యాక, వాళ్ళు వచ్చి చూశాక. కాకపోతే 2018 ఫార్మ్ బిల్లులో, అంటే అక్కడి పెద్ద వ్యవసాయ చట్టంలో, ఫెన్స్ విషయంలో చిన్న సాయం పెట్టారు, ఖర్చులో 25 శాతం దాకా ముందే అడ్వాన్సుగా తీసుకోవచ్చు, 60 రోజుల్లో ఖర్చు పెట్టేయాలి, పెట్టకపోతే వెనక్కి ఇచ్చేయాలి. ఒక విపత్తుకి ఒక మనిషికి గరిష్ఠంగా 5 లక్షల డాలర్లు, అంతకుముందు 2 లక్షలుండేది, అదీ అప్పుడే పెంచారు. ఇంకో తిరకాసుంది, దెబ్బతిన్న భూమి వ్యవసాయ విలువలో సగానికి మించి ఇవ్వరు. డల్లాస్ చుట్టుపక్కల రియల్ ఎస్టేట్ రేటు చెప్పి ఎకరం ఇంత అంటే కుదరదు, అది ఆవులు మేసే గడ్డి భూమిగా ఎంత చేస్తుందో అంతే.

వేసిన కంచెని కొన్నేళ్ళు నిలబెట్టుకోవాలి కూడా. డబ్బు తీసుకున్నాక రెండేళ్ళకే భూమిని ప్లాట్లు చేసి పీకేశారంటే డబ్బు వెనక్కి కట్టమంటారు. ఇది మీకెందుకు చెప్తున్నానో మీకు తెలుసు.

ప్రశ్న: కరువొస్తే? పశువు చచ్చిపోతే? అన్నిటికీ ఇదొక్కటేనా? – అనంతపురం

కాదండి, ఇది భూమికే. పశువు చస్తే లైవ్‌స్టాక్ ఇండెమ్నిటీ ప్రోగ్రామ్ అని వేరే ఉంది, మార్కెట్ రేటులో 75 శాతం ఇస్తారు. కరువుకి గడ్డి లేకపోతే ఇంకోటుంది, దానికి ప్రతి గురువారం ఒక కరువు మ్యాపు విడుదలవుతుంది, పసుపు నుంచి ముదురు ఎరుపు దాకా రంగులేసి, మీ కౌంటీ ఏ రంగులో ఎన్ని వారాలుందో దాన్ని బట్టి డబ్బు. మండల లిస్టులో మన మండలం ఉందా లేదా అని పేపరు వంక చూసే మీ అనంతపురం వాళ్ళకి ఆ గురువారం టెన్షన్ చెప్పకుండానే అర్థమవుతుంది. ఈసీపీలో కూడా కరువు పనులు కొన్నున్నాయి, పశువులకి నీళ్ళ పైపులేయడం, తొట్లు కట్టడం, బావి లోతు చేయించడం లాంటివి. అడవి చెట్లు పోతే దానికి వేరే స్కీము, వాగు గట్లు కోసుకుపోయి ఊరికే ప్రమాదమైతే ఇంకో డిపార్ట్‌మెంటు. మన ఆఫీసుల్లాగే అక్కడా ఈ టేబులు కాదు ఆ టేబులు అంటారు, కాకపోతే టేబుల్ మీద బోర్డు ఉంటుంది.

ప్రశ్న: నేను అగ్రికల్చర్ బీఎస్సీ స్టూడెంట్‌ని. ఈ స్కీము ఎప్పుడు మొదలైంది, ఎందుకు మొదలైంది, ఫండ్స్ ఎక్కడ్నుంచి వస్తాయి? సెమినార్‌కి కావాలి. – బాపట్ల

సెమినార్‌కి కాబట్టి కాస్త పెద్దగానే చెప్తా, కానీ ఇది యథాతథంగా చదివేయకు తల్లీ, మీ సార్లు కూడా ఈ పత్రిక చదువుతారు.

ఇప్పుడున్న చట్టం 1978 నాటిది, అగ్రికల్చరల్ క్రెడిట్ యాక్ట్ అని, అందులో నాలుగో భాగంలో ఇది ఉంటుంది. అంతకుముందు 1957 నుంచే దాదాపు ఇలాంటిదే వేరే పేరుతో నడిచేది. కానీ ఆలోచన పుట్టింది 1930లలో, డస్ట్ బౌల్ అనే దుమ్ము తుఫానుల రోజుల్లో. కథ ఏంటంటే మొదటి ప్రపంచ యుద్ధం టైములో గోధుమకి మంచి రేటొచ్చింది, పచ్చిక బయళ్ళన్నీ ట్రాక్టర్లు పెట్టి దున్నేసి గోధుమ వేశారు, వేల ఏళ్ళుగా ఆ మట్టిని పట్టి ఉంచింది గడ్డి వేళ్ళని ఎవరికీ గుర్తు రాలేదు. తర్వాత రేటు పడిపోయింది, వానలు ఆగిపోయాయి, గాలి మొదలైంది. 1935 ఏప్రిల్ 14 ఆదివారం నాడు పట్టపగలు చీకటి పడిపోయింది ఓక్లహోమా, టెక్సాస్ ప్రాంతాల్లో, దాన్ని నల్ల ఆదివారం అని ఇప్పటికీ చెప్పుకుంటారు. హ్యూ హామండ్ బెనెట్ అనే మట్టి శాస్త్రవేత్త మట్టి కోత ఒక జాతీయ ప్రమాదం అని ఏళ్ళ తరబడి మొత్తుకున్నాడు. వాషింగ్టన్‌లో ఆయన మట్టి గురించి చెప్తున్న రోజుల్లోనే మైదానాల దుమ్ము రాజధాని దాకా వచ్చి ఆకాశం మసకబారిందని, కిటికీలోంచి అదిగో చూడండని చూపించాడని చెప్తారు, కాస్త మసాలా కలిసుండొచ్చు కానీ దుమ్ము అంత దూరం రావడం నిజం. అదే నెల 27న సాయిల్ కన్జర్వేషన్ యాక్ట్ పాసైంది. సొంత పొలంలో మట్టి అయినా సరే కొట్టుకుపోతే దేశానికి నష్టం అన్నది అక్కడ చట్టంలోకి ఎక్కింది అప్పుడే. ఈసీపీలో ఇప్పటికీ గాలి కోతకి ఎమర్జెన్సీ దుక్కి అని ఒక పని ఉంది, అంటే గాలికి అడ్డంగా లోతు సాళ్ళు దున్నడం, అది డస్ట్ బౌల్ నాటి వైద్యమే.

ఇక ఫండ్స్. ఇదే ఈ స్కీముకి అసలు జబ్బు. మామూలు స్కీముల్లాగా ఏటా బడ్జెట్‌లో ఇంత అని గ్యారంటీగా ఉండదు, ఎక్కువగా పెద్ద విపత్తు వచ్చాక కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, ప్రత్యేకంగా పాస్ చేసే సప్లిమెంటరీ బిల్లుల్లోంచి వస్తుంది. 2018లో 400 మిలియన్ డాలర్లు ఇచ్చారు, 2019లో 558 మిలియన్లు, 2024 డిసెంబర్‌లో హరికేన్ హెలీన్, మిల్టన్‌ల తర్వాత 828 మిలియన్లు. అంటే 82 కోట్ల 80 లక్షల డాలర్లు. మధ్యలో డబ్బు అయిపోతే అప్లికేషన్లు తీసుకుని పక్కన పెట్టుకుంటారు, డబ్బొచ్చాక చూద్దాం అని. మీ సెమినార్‌లో ఈ పాయింటు పెడితే మార్కులు గ్యారంటీ, మిగతా అందరూ 75 శాతం దగ్గరే ఆగిపోతారు.

ప్రశ్న: 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగినప్పుడు మా రెండెకరాల్లో మోకాలి లోతు ఇసుక మేట వేసింది. పంటకి ఎకరాకి 10,000 ఇచ్చిన్రు. ఇసుక తీయనీకె జేసీబీ, ట్రాక్టర్లకే అంతకి ఎన్నో రెట్లు అయింది. అమెరికాల ఇట్ల ఇసుక మేట వేస్తే ఏం చేస్తరు? – ఖమ్మం జిల్లా

మీ ఉత్తరం చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదండి. కొంచెం వివరంగా చెప్తా.

2019 మార్చిలో నెబ్రాస్కాలో ఇలాగే అయింది. చలికాలం మంచు ఇంకా కరగలేదు, నేల గడ్డకట్టి ఉంది, దాని మీద పెద్ద వాన పడింది, నీళ్ళు ఇంకడానికి లేక ఒక్కసారిగా నదుల మీద పడ్డాయి. మార్చి 14న నయోబ్రారా నది మీద స్పెన్సర్ డ్యామ్ తెగిపోయింది, కారంత కారంత మంచు గడ్డలు నీళ్ళతో పాటు పొలాల మీదకొచ్చాయి. నీళ్ళు తీశాక చూస్తే పొలాల నిండా ఇసుక, దుంగలు, ఎక్కడివో చెత్తా చెదారం. అప్పుడు ఈసీపీలో చెత్త తీయడం, నేల చదును చేయడం, ఇసుకని తీసేయడమో లోతు దుక్కి దున్ని కింది మట్టిలో కలిపేయడమో, ఇలా పనుల వారీగా ఇస్తారు. ఎంత మందాన ఇసుక పడింది, ఎన్ని ఎకరాలు, ఏ పద్ధతిలో తీయాలి అని మనిషొచ్చి కొలుస్తాడు, ఆ పని ఖర్చు మీద 75 శాతం. అక్కడ లెక్క పనికి, అందుకే మోకాలి లోతు పడినవాడికీ రెండంగుళాలు పడినవాడికీ వేరు వేరుగా వస్తుంది. పంట పోయిన నష్టం ఇందులో కలపరు, దానికి ఇన్సూరెన్స్ వేరే ఉంటుంది.

మన దగ్గర లేదా అంటే ఉంది, చాలామందికి తెలీదు అంతే. కేంద్రం విపత్తు సహాయ నిధి నిబంధనల్లో, అంటే ఎస్‌డీఆర్‌ఎఫ్ నార్మ్స్ అంటారు, 2022 నుంచి 2026 దాకా ఉన్నవాటిలో ఇసుక మేటకి విడిగా ఒక లైన్ ఉంది. మేట 3 అంగుళాలు దాటితే హెక్టారుకి 18,000 రూపాయలు. ఎకరాకి చూస్తే 7,300 లోపే. అదీ 2 హెక్టార్ల లోపు భూమి ఉన్న రైతుకి, అధికారి సర్టిఫై చేయాలి, వేరే స్కీములో ఆ పనికే తీసుకుని ఉండకూడదు. నది దారి మార్చుకుని భూమే కోసుకుపోతే హెక్టారుకి 47,000. పంట నష్టానికి విడిగా వర్షాధారం అయితే హెక్టారుకి 8,500, నీటి వసతి ఉంటే 17,000, మూడో వంతు పంట పోవాలి. హనుమకొండ అన్నా, మీ జవాబులో గొర్రెల కాపరి మాటొచ్చింది కదా, ఆ లెక్క కూడా ఇక్కడే, గొర్రెకి 4,000 చొప్పున 30 దాకా, పాడి గేదెకి 37,500 చొప్పున మూడింటి దాకా. కాగితం మీద ఇవన్నీ ఉన్నాయి.

ఇందులో నాకు కనిపించే తేడా రేటు ఒక్కటే కాదు. మోకాలి లోతు ఇసుకకీ నాలుగంగుళాల ఇసుకకీ మనకి ఒకటే 18,000. ఇసుక తీశారా, వదిలేసి బీడు పెట్టారా అని మళ్ళీ వచ్చి చూసేవాడు లేడు. మన దగ్గర ఇచ్చేది ఓదార్పు డబ్బు, తప్పు పట్టట్లేదు, ఇంట్లో బియ్యం లేనివాడికి అదీ అవసరమే, కానీ ఆ డబ్బుతో పొలం బాగుపడదు. అక్కడ ఇచ్చేది పని డబ్బు, పొలం బాగుపడుతుంది కానీ ముందు జేబులో డబ్బుండాలి. మనకి రెండూ కావాలి, రెండెకరాల రైతుని ముందు నువ్వు జేసీబీకి పెట్టు తర్వాత ఇస్తాం అంటే ఆయన వడ్డీ వ్యాపారి దగ్గరికి పోవాల్సిందే. అందుకని అమెరికా పద్ధతి తెచ్చి ఇక్కడ అతికించమని నేను అనను, కొలిచి ఇవ్వడం మాత్రం తెచ్చుకోవచ్చు, ఎన్ని క్యూబిక్ మీటర్ల ఇసుక ఉందో లెక్కేయడం మనకి చేతకానిదేం కాదు, ఇసుక రీచుల్లో ట్రాక్టర్ ట్రిప్పు ట్రిప్పుకీ లెక్కేస్తాం కదా.

ఇక కౌలు. మీరు రాయలేదు కానీ ఆ మునిగిన పొలాల్లో ఎన్ని కౌలువో ఊళ్ళో అందరికీ తెలుసు. మన దగ్గర సహాయం పాస్‌బుక్కు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళ ఖాతాలో పడుతుంది చాలా చోట్ల, ఆంధ్రలో సాగుదారు హక్కు కార్డు ఉంటే కొంత దారి ఉంది కానీ ఓనరు సంతకం పెడితేనే కదా ఆ కార్డు. ఖర్చు ఎవడు పెట్టుకున్నాడో వాడికే డబ్బు అన్న ఆ ఒక్క వాక్యం, పైన ఫ్రిస్కో ఆయనకి రాశాను చూడండి, అది మన జీవోలో ఉంటే ఎంత మందికి ఊపిరాడుతుందో.

మీరు ఇప్పుడైనా చేయగలిగింది ఏంటంటే, మీ పంచనామాలో ఇసుక మేట అని విడిగా రాశారా, పంట నష్టం అని ఒక్కటే రాశారా అని ఏఈవో దగ్గర, తహసీల్దార్ ఆఫీసులో అడగండి. ఈసారి వరదొస్తే (రాకూడదు) ఇసుక ముట్టుకోకముందే కర్ర గుచ్చి లోతు కనబడేలా, వెనక మీ పొలం గుర్తు, కరెంటు స్తంభమో వేప చెట్టో కనబడేలా ఫోటోలు తీసి పెట్టుకోండి.

ప్రశ్న: అంత బాగా ఇస్తుంటే అక్కడి రైతులు ఇంకా ఎందుకండీ గోల పెడుతున్నారు? మరీ పొగిడేస్తున్నారేమో మీరు. – భీమవరం

పొగడట్లేదండీ బాబూ, పైన రాసినవాటిలోనే అన్ని తిరకాసులూ ఉన్నాయి. మళ్ళీ ఒకసారి రైతు వైపు నుంచి చూడండి. కార్చిచ్చు ఫిబ్రవరిలో వచ్చింది, పశువులు కొన్ని మిగిలాయి, వాటికి కంచె ఇవ్వాళే కావాలి. రూలు ఏమో వాళ్ళొచ్చి చూసేదాకా ఆగమంటుంది. ఆ కౌంటీ ఆఫీసులో ఉన్నదే నలుగురైదుగురు, అప్లికేషన్లు వందల్లో. కింద నేలలో పాత చారిత్రక గుర్తులేమైనా ఉన్నాయా, వాగులో అరుదైన జీవులున్నాయా అని పర్యావరణ పరిశీలన కూడా జరగాలి, గుంజ పాతాలంటే నేల తవ్వాలి కదా మరి. ఈలోగా ఆగలేక సొంత ఖర్చుతో వేసేసుకున్నవాడికి పైసా రాదు, ఆగినవాడి ఆవులు పక్కవాడి పొలంలోనో హైవే మీదో ఉంటాయి. ఓపిక ఉన్నవాడికి కాదు, ఆగగలిగేంత డబ్బున్నవాడికి ఈ స్కీము ఎక్కువ పనికొస్తుంది అని నా అభిప్రాయం. ఆ 25 శాతం అడ్వాన్సు పెట్టింది ఈ గోల వినే, మొదట్లో అది కంచెకి మాత్రమే ఉండేది, తర్వాత మిగతా ఈసీపీ పనులకీ ఇచ్చారు.

టెక్సాస్ మంటలప్పుడు నిజంగా మొదటి వారంలో కంచె వేయించింది సర్కారు కాదు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో రైతులు ట్రక్కుల్లో గడ్డి మోపులు, ముళ్ళ తీగ చుట్టలు, టీ ఆకారంలో ఉండే ఇనప గుంజలు వేసుకుని వచ్చి దింపిపోయారు. ఈసీపీ మనిషి టేపు పట్టుకుని వచ్చేది ఆ తర్వాతే.